తోక చూసి మోసపోయారు! బ్యాక్టీరియాను పట్టే వైరస్‌ల అసలు కథ

జలుబు చేస్తే వైరస్ అంటారు. టైఫాయిడ్ వస్తే బ్యాక్టీరియా అంటారు. రెండూ కంటికి కనిపించవు కాబట్టి మనం రెండిటినీ ఒకే గాటన కట్టేసి ‘క్రిములు’ అనేస్తాం. కానీ ఈ క్రిముల్లో ఒకటి ఇంకోదాన్ని వేటాడుతుంది. అవును, బ్యాక్టీరియాకూ వైరస్ సోకుతుంది. కొన్నిసార్లు సోకిన అరగంటలోనే ఆ బ్యాక్టీరియా పగిలి చస్తుంది. ఇలా బ్యాక్టీరియాను పట్టే వైరస్‌ల పేరు బ్యాక్టీరియోఫేజ్‌లు. పొట్టిగా ఫేజ్‌లు.

ఎక్కడుంటాయంటారా? బ్యాక్టీరియా ఉన్న ప్రతిచోటా. ఫోన్‌లో మ్యాప్ తెరిచి నాగల్‌గిద్ద అని కొట్టండి. సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ దాటాక, కర్ణాటక సరిహద్దు మీద కనిపిస్తుంది. మహారాష్ట్రలో పుట్టి బీదర్ మీదుగా వచ్చే మంజీర తెలంగాణలో అడుగుపెట్టేది ఈ వైపే. మామూలుగా నదుల్లో, చెరువుల్లో ఒక్క మిల్లీలీటరు నీటికి లక్షల నుంచి కోట్ల దాకా వైరస్ కణాలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఫేజ్‌లే. అంటే ఒక చెంచాడు నీళ్లలో మన రాష్ట్ర జనాభాను మించిన ఫేజ్‌లు ఉండొచ్చన్నమాట. భూమి మీద మొత్తం ఎన్ని అంటే, 1 పక్కన 31 సున్నాలు పెట్టమంటారు శాస్త్రవేత్తలు. లెక్కకు అందే సంగతి కాదు, వదిలేద్దాం.

అసలు ఇప్పుడు వీటి గొడవ మనకెందుకు? ఎందుకంటే అదే మంజీర కాస్త కిందికి వెళ్లాక ఇంకో కథ ఉంది.

అదే జిల్లా, అదే నది

సంగారెడ్డి జిల్లాలోనే పటాన్‌చెరు ఉంది. మందుల ఫ్యాక్టరీల అడ్డా. ఆ ప్రాంతం మీదుగా పారే నక్కవాగు వెళ్లి మంజీరలోనే కలుస్తుంది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరులో ఒక వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. ‘శుద్ధి’ అయిన ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ బయటపడింది. సిప్రో గోళీ వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మందు కంటే అది ఎక్కువ! రోజుకు సుమారు 45 కిలోల సిప్రో అలా వాగు పాలవుతోందని లెక్క కట్టారు. అప్పట్లో స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు అది.

మందులో నానుతూ బతకడం నేర్చుకున్న బ్యాక్టీరియా ఆ తర్వాత మందుకు లొంగదు. దీనికి ఫ్యాక్టరీలే కారణమని చేతులు దులుపుకోవడం కుదరదు. జ్వరం రాగానే రెండు యాంటీబయాటిక్ గోళీలు మింగి, మర్నాడు తగ్గిందనిపించగానే మానేసే మనమూ ఇందులో భాగస్తులమే. చీటీ లేకుండా ఇచ్చే షాపులవాళ్లూ, ప్రతి జ్వరానికీ సూది వేసే ఆర్‌ఎంపీలూ కూడా.

యాంటీబయాటిక్‌ల స్వర్ణయుగంలో మన తెలుగువాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాన్ని నడుపుతున్నప్పుడే, టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో బయటికొచ్చింది. మట్టిలో దొరికిన సూక్ష్మజీవి ఇచ్చిన మందు అది. ఆ ఏడాదే ఆయన చనిపోయారు. ఆ తరహా మందులు ఒక్కొక్కటిగా మొండికేస్తున్న ఈ రోజుల్లో డాక్టర్లు మళ్లీ ఫేజ్‌ల వైపు చూస్తున్నారు. ‘మళ్లీ’ అని ఎందుకన్నానంటే, ఈ ఆలోచన పెన్సిలిన్ కంటే పాతది.

గత్తర బావుల్లో పోసిన మందు

కలరాను మన తెలంగాణలో గత్తర అంటాం. ఇప్పుడు రీల్స్‌లో ‘గత్తర లేపిండు’ అని సరదాగా వాడేస్తున్నాం గానీ, ఒకప్పుడు ఆ మాట వింటే ఊళ్లు ఖాళీ అయ్యేవి. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల పుట్టుక గురించి చెప్పే కథలోనూ 1813 నాటి గత్తరే ఉంటుంది.

1896లో ఆగ్రాలో పనిచేస్తున్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఒక వింత గమనించాడు. గంగ, యమున నీళ్లలో కలరా బ్యాక్టీరియా గంటల్లోనే చచ్చిపోతోంది. సన్నటి వడపోతలో వడకట్టినా ఆ నీటి గుణం పోలేదు. కాచితే మాత్రం పోయింది. అందులో ఫేజ్‌లు ఉండి ఉంటాయని తర్వాతివాళ్లు అనుకున్నారు. ఆయన మాత్రం ఏదో ఆవిరైపోయే రసాయనం అనుకున్నాడు. (ఇది చదివి నది నీళ్లు నేరుగా తాగేస్తామనేవాళ్లకో మాట: ఫేజ్‌లున్నాయంటే వాటికి తిండి పెట్టే బ్యాక్టీరియా కూడా అక్కడే ఉందని అర్థం. కాచుకునే తాగండి.)

1915లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫెలిక్స్ డెరెల్ వేర్వేరుగా వీటిని పట్టుకున్నారు. బ్యాక్టీరియోఫేజ్ అనే పేరు డెరెల్ పెట్టిందే. ‘బ్యాక్టీరియాను తినేది’ అని అర్థం. ఆయన చేసిన ప్రయోగం మన వంటింటి భాషలో చెప్పాలంటే ఇంతే: గాజు పళ్లెంలో జెల్లీ మీద బ్యాక్టీరియాను పరిచాడు. అది పాల మీగడలా తెల్లగా పరుచుకుంది. విరేచనాల నుంచి కోలుకున్న రోగి మలాన్ని వడకట్టి, ఆ నీటిని దాని మీద వేశాడు. మర్నాటికి ఆ మీగడలో అక్కడక్కడ గుండ్రటి చిల్లులు! ఒక్కో చిల్లు ఒక్క ఫేజ్‌తో మొదలైన ఊచకోత. ఇప్పటికీ ఫేజ్‌లను పట్టేది, లెక్కపెట్టేది ఈ పద్ధతిలోనే.

డెరెల్ ఆగలేదు. 1927లో ఇండియాకొచ్చి పంజాబ్‌లో కలరా రోగులకు ఫేజ్‌లు తాగించాడు. ఊరి బావుల్లో పోయించాడు. తర్వాత అస్సాంలో షిల్లాంగ్ పాస్చర్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మారిసన్ ఇంకా పెద్ద ఎత్తున పంచాడు. ఫలితాలు బాగున్నాయని వాళ్లు రాసుకున్నారు. కానీ ఈనాటి క్లినికల్ ట్రయల్స్‌లా పకడ్బందీగా జరిగినవి కావు అవి. ఈలోగా యాంటీబయాటిక్‌లు వచ్చేశాయి. ఒకే గోళీ, పది రకాల బ్యాక్టీరియా ఖతం. ఇంక ఫేజ్‌లను ఎవరు పట్టించుకుంటారు? అయినా జార్జియా దేశం వాటిని వదల్లేదు. అక్కడి టిబిలిసీలో 1923లో మొదలైన ఎలియావా ఇన్‌స్టిట్యూట్ వందేళ్లు దాటినా ఇప్పటికీ ఫేజ్ వైద్యం చేస్తోంది.

అరగంటలో ఏం జరుగుతుంది?

ఫేజ్‌లలో సెలబ్రిటీ ఒకటుంది. దాని పేరు టీ4. పుస్తకాల అట్టల మీద మీరు చూసే ఉంటారు. పైన పలకలు పలకలుగా తల, కింద గొట్టంలాంటి తోక, అడుగున ఆరు సన్నటి కాళ్లు. అచ్చం చంద్రుడి మీద దిగే ల్యాండర్‌లా ఉంటుంది. పొడవు సుమారు 200 నానోమీటర్లు. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా ఆర్టీసీ బస్సంత అనుకుంటే, టీ4 ఆ బస్సు పక్కన నిలబడ్డ చిన్నపిల్లాడంత.

దానికి ఈదడం రాదు, వెతకడం రాదు. నీళ్లలో కొట్టుకుపోతూ కొట్టుకుపోతూ ఈ.కోలైకి తగులుతుంది. బ్యాక్టీరియా ఒంటి మీద తనకు కావాల్సిన కొక్కెం దొరికితేనే కాళ్లు అతుక్కుంటాయి. మన ఒంటి కణాల మీద ఆ కొక్కెం ఉండదు కాబట్టి మన జోలికి రాదు. అతుక్కోగానే తోక తొడుగు స్ప్రింగులా కుదించుకుపోతుంది, లోపలి గొట్టం గోడలో దిగుతుంది. తలలో కుక్కి ఉన్న సుమారు 1,69,000 అక్షరాల డీఎన్ఏ లోపలికి జారుతుంది. ఖాళీ చొక్కా బయటే ఉండిపోతుంది.

ఇక లోపల దోపిడీ. బ్యాక్టీరియా సొంత డీఎన్ఏను ముక్కలు చేసి, ఆ ముక్కలతోనే కొత్త ఫేజ్‌లకు డీఎన్ఏ తయారు చేయిస్తుంది. తలలు ఒకచోట, తోకలు ఒకచోట, కాళ్లు ఒకచోట తయారై, తర్వాత బిగించుకుంటాయి. సుమారు 25 నుంచి 30 నిమిషాల్లో వందకు పైగా పిల్ల ఫేజ్‌లు సిద్ధం. చివర్లో రెండు ప్రొటీన్లు పని మొదలుపెడతాయి. ఒకటి లోపలి పొరకు బెజ్జాలు పెడుతుంది, ఇంకోటి గోడను కరిగిస్తుంది. టప్!

వారసత్వ సమాచారం ఉండేది డీఎన్ఏలోనా, ప్రొటీన్‌లోనా అన్న పెద్ద తగాదాను 1952లో హెర్షీ, చేజ్ తేల్చింది టీ4 తోబుట్టువు టీ2తోనే. లోపలికి వెళ్లేది డీఎన్ఏ, బయట మిగిలేది ప్రొటీన్ చొక్కా అని చూపించారు.

ఇంటిపేరు ఒకటైతే బంధువులేనా?

1940లో జర్మనీలో హెల్ముట్ రుస్కా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఫేజ్‌లను మొదటిసారి చూపించాక, శాస్త్రవేత్తలు వాటిని తోకను బట్టి విడదీయడం మొదలుపెట్టారు. ముడుచుకునే పొడుగు తోక ఉంటే మయోవిరిడే. ముడుచుకోని, వంగే పొడుగు తోక ఉంటే సైఫోవిరిడే. పొట్టి తోకైతే పోడోవిరిడే. గ్రీకులో మయో అంటే కండరం, సైఫో అంటే గొట్టం, పోడో అంటే పాదం. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివినవాళ్లు ఈ మూడు పేర్లూ బట్టీ పట్టే ఉంటారు. మైక్రోస్కోప్ కింద కనిపించిన ఫేజ్‌లలో నూటికి 90కి పైగా తోక ఉన్నవే కాబట్టి ఈ లెక్క చాలాకాలం నడిచింది.

తర్వాత జన్యువులు చదవడం వచ్చింది. ఫేజ్‌లే అక్కడా ముందు. 1976లో ఎంఎస్2 అనే ఆర్‌ఎన్‌ఏ ఫేజ్ (3,569 అక్షరాలు), 1977లో ఫై ఎక్స్ 174 అనే తోక లేని బుల్లి ఫేజ్ (5,386 అక్షరాలు) పూర్తిగా చదివేశారు. వేల ఫేజ్‌లను చదివేసరికి గుట్టు రట్టయింది. ఒకేలాంటి తోకలున్నవి బంధువులు కావు! తోక వేరుగా ఉన్నవి దగ్గరి చుట్టాలు! ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అందరూ ఒకే ఇంటివాళ్లు కాదు కదా, అలాగన్నమాట.

దాంతో వైరస్‌లకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ కమిటీ 2022లో ఆ మూడు కుటుంబాలనూ కొట్టేసింది. తోక ఉన్నవన్నీ ఇప్పుడు కాడోవిరిసీటిస్ అనే ఒక పెద్ద తరగతి కిందికి వస్తాయి. లోపలి కుటుంబాలను మాత్రం జన్యువుల పోలికతోనే కడుతున్నారు. రెండు ఫేజ్‌ల డీఎన్ఏ 95 శాతం కలిస్తే ఒకే జాతి, 70 శాతం కలిస్తే ఒకే ప్రజాతి. మొక్కలకూ జంతువులకూ ఉన్నట్టు రెండు మాటల పేర్లు కూడా వచ్చాయి. మన టీ4 జాతికి ఇప్పుడు రికార్డుల్లో పేరు టెక్వాట్రోవైరస్ టీ4. మీ పాత నోట్సులో మయోవిరిడే అని ఉంటే పెన్సిల్‌తో ఒక గీత కొట్టండి.

అసలు ముఖమే చూడకుండా దొరికిన ఫేజ్‌లూ ఉన్నాయి. 2014లో మనుషుల మలం నుంచి తీసిన డీఎన్ఏ డేటాను కంప్యూటర్‌లో కలిపి చూస్తుంటే, ఎంతోమంది పేగుల్లో ఉండే ఒక కొత్త ఫేజ్ బయటపడింది. దానికి ‘క్రాస్‌ఫేజ్’ అని, దాన్ని పట్టిచ్చిన సాఫ్ట్‌వేర్ పేరే పెట్టారు. మనతోపాటే ఉంటూ 2014 దాకా ఒక్కరి కంటా పడలేదు.

చంపేదా? దాక్కునేదా?

పేర్ల గోల ప్రొఫెసర్లకే అనుకోకండి. ఫేజ్‌ను మందుగా వాడాలంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇది చంపే రకమా, దాక్కునే రకమా?

టీ4 చంపే రకం. లాంబ్డా అనే ఇంకో ఫేజ్ ఉంది. 1951లో ఎస్తర్ లెడర్‌బర్గ్ దాని గురించి ప్రకటించారు. అది ఈ.కోలైలో దూరాక ప్రతిసారీ చంపదు. తన 48,502 అక్షరాల డీఎన్ఏను బ్యాక్టీరియా డీఎన్ఏలోనే కుట్టేసుకుని, ఒక ప్రొటీన్‌తో తన నోరు తానే నొక్కుకుని పడుకుంటుంది. బ్యాక్టీరియా రెండైతే అదీ రెండవుతుంది. తరాల తరబడి కిరాయి లేని కాపురం. బ్యాక్టీరియాకు ప్రాణం మీదికొచ్చినప్పుడు, అంటే అతినీలలోహిత కిరణాలు తగిలి డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు, నిద్ర లేచి, ఇల్లు కూలగొట్టి పారిపోతుంది.

దాక్కునే రకాలు ఖాళీ చేతులతో రావు. అక్కడే ప్రమాదం. కంఠసర్పి బ్యాక్టీరియా విషం దాని సొంతం కాదు, దానిలో దాక్కున్న ఫేజ్ తెచ్చింది. ఇక గత్తర సంగతి. కలరా విషాన్ని 1959లో కోల్‌కతాలో శంభునాథ్ దే కనిపెట్టారు. ఆ విషం తయారుచేసే జన్యువులు ఎక్కడివో 1996లో వాల్డార్, మెకలానోస్ తేల్చారు. సీటీఎక్స్ అనే దారంలాంటి ఫేజ్‌వి! అది సోకని కలరా బ్యాక్టీరియాకు ఆ విషం చేయడం రాదు. ఒక ఫేజ్ కలరా బ్యాక్టీరియాను చంపుతుంది, ఇంకో ఫేజ్ దాని చేతికి కత్తి ఇస్తుంది. డెరెల్ బావుల్లో ఫేజ్‌లు పోసిన రోజుల్లో ఈ ముక్క ఎవరికీ తెలియదు. ఈ రోజు ఫేజ్ మందు చేసేవాళ్లు మొదట దాని జన్యువులన్నీ చదివి, దాక్కునే జన్యువు గానీ విషం జన్యువు గానీ లేదని తేల్చుకుని తీరాలి.

ఉంటే? తీసేయొచ్చు కూడా. లండన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో ఊపిరితిత్తులు మార్పిడి చేయించుకున్న ఒక టీనేజ్ అమ్మాయికి మొండి మైకోబ్యాక్టీరియా సోకింది. యాంటీబయాటిక్‌లు పనిచేయలేదు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో గ్రాహం హాట్‌ఫుల్ దగ్గర వేల ఫేజ్‌లున్నాయి. చాలావరకు విద్యార్థులు పట్టి, నచ్చిన పేర్లు పెట్టినవే. వాటిలోంచి మూడు ఎంచారు. ఒకటి ‘మడ్డీ’. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కుళ్లిన వంకాయ కింద దొరికింది! మిగతా రెండూ దాక్కునే రకాలు. వాటి నోరు నొక్కే జన్యువును కత్తిరించి చంపే రకాలుగా మార్చారు. ఆ మిశ్రమాన్ని ఎక్కించాక పాప పుండ్లు చాలావరకు మానాయి. 2019లో ఈ కేసును ప్రచురించారు.

పెరుగు చెప్పిన రహస్యం

బ్యాక్టీరియా మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? తోడు పెట్టిన పాలు పెరుగు కావడం బ్యాక్టీరియా పనే. పెద్ద డెయిరీల్లో ఫేజ్ దూరితే వేల లీటర్ల పాలు తోడుకోకుండా పాడవుతాయి. అందుకే డానిస్కో అనే కంపెనీ శాస్త్రవేత్తలు ఫేజ్‌కు లొంగని పెరుగు బ్యాక్టీరియా మీద పరిశోధించారు. అది తన మీద దాడి చేసిన ఫేజ్ డీఎన్ఏ ముక్కను దాచుకుని, అదే ఫేజ్ మళ్లీ వస్తే గుర్తుపట్టి నరుకుతోందని 2007లో తేలింది. దాని పేరే క్రిస్పర్. జన్యువులను కత్తిరించే పనిముట్టుగా దాన్ని మలిచినందుకు 2020లో షార్పెంటియర్, డౌడ్నాలకు నోబెల్ వచ్చింది.

ఫేజ్ మందుకూ ఈ చిక్కు తప్పదు, బ్యాక్టీరియా దానికీ మొండికేస్తుంది. కాకపోతే గోళీ మారదు, ఫేజ్ మారుతుంది. ఒకటి లొంగకపోతే మురుగులోంచి ఇంకోటి వెతికి పట్టొచ్చు. అసలు ఇబ్బంది వేరే. ఫేజ్‌కు ఎంపిక ఎక్కువ. ఒకరి ఈ.కోలైని చంపింది ఇంకొకరి ఈ.కోలైని ముట్టకపోవచ్చు. అందుకే ముందు రోగి బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, ఏ ఫేజ్ పడుతుందో చూడాలి. మెడికల్ షాపులో స్ట్రిప్ చించి ఇచ్చే వ్యవహారం కాదిది. మన దేశంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో గోపాల్ నాథ్ బృందం మానని పుండ్ల మీద ఫేజ్‌లు పూసి చూసింది. ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి గానీ రోగులు కొద్దిమందే. ‘ఫేజ్ వైద్యంతో గ్యారంటీ నయం’ అని యూట్యూబ్‌లో ఎవరైనా చెబితే నమ్మకండి.

మనుషుల కంటే ముందు చేలల్లో రావచ్చేమో అనిపిస్తుంది నాకు. నారాయణఖేడ్ వైపు పత్తి, కంది ఎక్కువ. పత్తిలో నల్లమచ్చ తెగులు బ్యాక్టీరియాదే. దానికి మన రైతులు కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొట్టే స్ట్రెప్టోసైక్లిన్ పొడి ఏమిటనుకున్నారు? స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమం. క్షయకు వాడే మందు, సుబ్బారావు కాలం నాటి మందు జాతి, రెండూ కలిపి ఆకుల మీద. పంటల మీద దీని వాడకం ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు తెచ్చింది. అమెరికాలో టమాటా, మిరపకు వచ్చే బ్యాక్టీరియా మచ్చ తెగులు మీద కొట్టే ఫేజ్ మందుకు 2005లోనే అనుమతి దొరికింది. ఎండకు ఫేజ్‌లు త్వరగా చస్తాయి కాబట్టి సాయంత్రం పూట కొట్టడం మేలు.

మంజీర నీళ్లలో ఫేజ్‌లు పట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో ఉండే హాని చేయని ఈ.కోలై, అగార్ పళ్లెం, 0.22 మైక్రాన్ల ఫిల్టర్, లెక్చరర్ పక్కనుండటం చాలు. సాయంత్రం పెడితే పొద్దుటికి చిల్లులు కనిపిస్తాయి.